రెండు వైపుల పరుపు

మనవడికి పరుపు కుట్టించే పని నాదేనని ముందే చెప్పి ఉంచాను. తక్కినవన్నీ అమ్మాయి చూసుకుంది. అల్లుడు నౌకలో ఉద్యోగి. మరో నెలకి గానీ ఒడ్డుకి రాడు. మా ఆవిడ పోయి రెండేళ్లయింది. ఆమే ఉంటే ఆసుపత్రిలో నర్సమ్మ మాటలు ఆమె వినేది, నేను మందుల వరుసలో నిలబడేవాణ్ణి. ఇప్పుడు వినవలసినవాణ్ణి నేనే కాబట్టి శ్రద్ధగా విన్నాను.

పసివాడు పడుకునే చోటు బల్లపరుపుగా, గట్టిగా ఉండాలి. వెల్లకిలా పడుకోబెట్టాలి. దిండు, బొంత, బొమ్మ, ఏదీ వాడి దగ్గర ఉండకూడదు. పరుపుకీ తొట్టి ఊచలకీ మధ్య సందు ఉండకూడదు. మెత్తటి దాంట్లో ముఖం కూరుకుపోతే, పక్కకి తిప్పుకునే బలం ఆ మెడకి ఇంకా రాదు. ఈ చివరి మాట చెప్పేటప్పుడు నర్సమ్మ గొంతు తగ్గించింది. అమ్మాయి అటు తిరిగి పాలిస్తోంది కదా, వినకూడదని.

పరుపు కుట్టింది మా బావమరిది. మా ఆవిడకి స్వయానా తమ్ముడు. పరుపుల దుకాణం వాడిది. ఎప్పుడు చూసినా జుట్టులో దూది ఉంటుంది గనక మా అమ్మాయి చిన్నప్పటి నుంచీ దూది మామయ్య అంటుంది. కొలతలు తీసుకుంటూ వాడు, "ఇది పరుపా బావా, పలకా? అక్షరాలు కూడా దిద్దిస్తావా?" అన్నాడు.

"గట్టిగా ఉంటే చాలు. నీ హాస్యం మెత్తగా ఉంటే ఉండనీ," అన్నాను.

పరుపు వచ్చింది. తొట్టిలో సరిగ్గా ఇమిడింది. పైన ఒక బిగుతైన దుప్పటి, అంతే. అమ్మాయి చూసి, "జైలు గదిలా ఉంది నాన్నా, పాపం వాడేం తప్పు చేశాడు," అంది. నవ్వుతూనే అంది. నేను రోజూ పొద్దున్నే వెళ్లి పరుపు మీద అరచెయ్యి ఆనించి నొక్కి చూసేవాణ్ణి. నొక్కితే దిగేది కాదు. ఆ ఉదయాలు నాకు ఎంత ధైర్యంగా ఉండేవో ఇప్పుడు చెప్పుకోవాలంటే సిగ్గుగా ఉంది.

ఒక మధ్యాహ్నం అమ్మాయి స్నానానికి వెళ్లింది. వాడు నిద్రపోతున్నాడు. ఊపిరి గురగురమంటోంది. వంగి చూశాను. తల పరుపులో దిగబడి ఉంది, పిండిముద్ద మీద నిమ్మకాయ పెట్టినట్టు. ముఖం ఓ పక్కకి వాలి, దుప్పటి అంచు ముక్కుకి ఆనుతోంది. ఎత్తుకున్నాను. వాడు ఒకసారి మూలిగి నా మెడ దగ్గర తల దాచుకున్నాడు, ఏమీ జరగనట్టే.

ఒక చేత్తో వాణ్ణి పట్టుకుని రెండో చేత్తో నొక్కాను. చెయ్యి దిగిపోయింది. బావమరిది నాసిరకం సరుకు వేశాడనుకున్నాను. పరుపు పైకెత్తి కింది వైపు నొక్కాను. గట్టిగా, నేను రోజూ చూసినట్టే ఉంది. అర్థం కావడానికి కాసేపు పట్టింది. ఒకే పరుపుకి రెండు స్వభావాలు. ఎవరో తిప్పి వేశారు. ఇంట్లో ఉన్నది నేను, అమ్మాయి, తల కూడా నిలబెట్టలేని వాడూ.

గట్టి వైపు పైకి వేసి, వాణ్ణి వెల్లకిలా పడుకోబెట్టాను. ఏడ్చాడు. అమ్మాయి స్నానాల గదిలోంచి వచ్చేదాకా ఆగి, "కాస్త బజారుకెళ్లొస్తా," అన్నాను. ఆమె తొట్టి వైపు చూసింది, నా వైపు చూసింది. ఏమైనా అని ఉంటే బావుండేది.

దుకాణంలో బావమరిది బేరంలో ఉన్నాడు. ఎవరో భార్యాభర్తలు మంచం పరుపు కొంటున్నారు. "నడుము నొప్పి, రాయిలా ఉండాలి," అంటున్నాడు ఆయన. "రాయే సార్. మీరు దీని మీద బట్టలు ఉతుక్కోవచ్చు," అన్నాడు వీడు. ఆయన తృప్తిగా పరుపుని చరిచి, ఆటో మాట్లాడటానికి వీధిలోకి వెళ్లాడు. ఆయన గడప దాటగానే బావమరిది గొంతు మారింది. "నీలం దారం కుట్టిన వైపు మెత్తన అమ్మా. ఆయన ఊళ్లో లేనప్పుడు తిప్పేసుకోండి." ఆమె పైట చాటున నవ్వుకుంది.

అప్పుడు నన్ను చూశాడు. చేతిలో దబ్బనం ఆగింది.

"ఎప్పటి నుంచి చేస్తున్నావురా ఈ పని?"

"మా నాన్న చేశాడు, నేను చేస్తున్నాను. లేకపోతే ఇక్కడ సగం మంది కాపురాలు కొట్టు ముందే తెగతెంపులవుతాయి బావా."

"నా మనవడికి ఏ కాపురం ఉందని?"

వాడు దబ్బనాన్ని చొక్కాకి గుచ్చుకున్నాడు. "అబద్ధమాడలేదు. గట్టిగా కుట్టమన్నావు, కుట్టాను. ఒక వైపు."

"రెండో వైపు ఎవరడిగారు?"

"నీకు తెలుసు కదా."

"నీ నోటితో చెప్పు."

"అమ్మాయి. నువ్వు కొలతలిచ్చి వెళ్లిన సాయంత్రమే ఫోన్ చేసింది. 'నాన్నకి చెప్పకు మామయ్యా, ఆయనతో వాదించే ఓపిక లేదు' అంది. పచ్చి బాలింత, కాదనలేకపోయాను. అయినా మన ఇంట్లో ఇది కొత్తా? అక్కకి..."

అక్కడ నాలుక కరుచుకున్నాడు. కానీ ఆలస్యమైపోయింది.

"అక్కకి ఏమిటి?"

"వదిలెయ్ బావా."

"చెప్పు."

"మీ మంచం పరుపూ ఇంతే. నువ్వు పరీక్ష పేపర్లు దిద్దడానికి ఊరెళ్లినప్పుడల్లా అక్క కబురు పెట్టేది. నేనొచ్చి తిప్పేసేవాణ్ణి. నువ్వొచ్చే ముందు మళ్లీ వచ్చి తిప్పేవాణ్ణి. ఒక్కతే మొయ్యలేదు కదా."

ఆటో వచ్చింది. వాడు వెళ్లి ఆ దంపతుల పరుపు ఎక్కించి వచ్చాడు. నేను దూదిమూట మీద కూర్చున్నాను. ముప్ఫై ఏళ్లు ఒకే మంచం మీద పడుకున్నాం. నడుముకి గట్టి పరుపే మంచిదని నేను అంటే ఆమె తలూపేది. ఆ తలూపడాన్ని నేను ఒప్పుకోవడం అనుకున్నాను. బతికుంటే పోట్లాడేవాణ్ణి. చచ్చిపోయిన మనిషితో ఎక్కడ పోట్లాడతాం? ఒక్క విషయమే కాస్త ఊరటనిచ్చింది. పేపర్లు ఏటా ఉండేవి. ఆ కొన్ని రాత్రులైనా ఆమె హాయిగా పడుకుంది.

"కత్తెర తీసుకుని రా," అన్నాను. "ఆ మెత్తటి వైపు నా కళ్లెదుట కోసెయ్యాలి."

ఇంటికి వెళ్లేసరికి అమ్మాయి వాణ్ణి భుజాన వేసుకుని గదిలో తిరుగుతోంది. వాడి ఏడుపు వీధిలోకే వినిపించింది. మామయ్య చేతిలో కత్తెర చూడగానే ఆమెకి అంతా అర్థమైంది.

"చెప్పేశావా మామయ్యా."

"నేను చెప్పలేదే తల్లీ, మీ నాన్న పీకించాడు. పన్ను పీకినట్టు."

"రోజూ పొద్దున్న నేను నొక్కి చూసినప్పుడు?" అన్నాను.

"నువ్వు లేచిన చప్పుడు వినగానే తిప్పేసేదాన్ని."

అంత మామూలుగా చెప్పింది. వాణ్ణి ఎత్తుకుని, పరుపు తిప్పి, దుప్పటి సర్ది, నేను గుమ్మంలోకి వచ్చేసరికి ఆవులిస్తూ కూర్చునేదన్న మాట. నేను నొక్కి చూసి, "భేష్" అనేవాణ్ణి కూడా.

"వాడి తల ఇవాళ ఎలా ఉందో చూశావా? ముక్కుకి బట్ట ఆనుకుంది."

ఆమె ముఖం తెల్లబోయింది. వాణ్ణి ఇంకా దగ్గరికి తీసుకుంది. "నాకు తెలియక కాదు నాన్నా. అదంతా నేనూ చదివాను. గట్టి వైపు మీద వేస్తే నిమిషం ఉండడు. మెత్తగా వేస్తే గంట పడుకుంటాడు. ఆ గంట కోసం... కాసేపే కదా, చూస్తూనే ఉంటాను కదా అనుకున్నాను. ఇవాళ స్నానానికి వెళ్లాను."

"నన్నడగొచ్చుగా. వాణ్ణి గంట కాదు, పూటంతా ఎత్తుకునేవాణ్ణి."

"నిన్నడిగితే ముందు పాఠం చెప్తావు. తర్వాత ఎత్తుకుంటావు. నాకు పాఠం వినే ఓపిక కూడా లేదు."

బావమరిది నేల మీద చతికిలబడి కుట్లు విప్పడం మొదలుపెట్టాడు. మధ్యలో ఎవరి ముఖాలూ చూడలేదు. అది వాడు చేసిన మేలు. నీలం దారం ముక్కలుముక్కలుగా రాలింది. మెత్తటి పొర ఊడి వచ్చింది, నాలుగు వేళ్ల మందం. మిగిలిన పలకకి గుడ్డ బిగించి కుట్టేశాడు. రెండు వైపులా నన్నే నొక్కమన్నాడు. నొక్కాను. కానీ నొక్కుతూ అనుకున్నాను, ఇక ఈ ఇంట్లో నేను ఎన్నిటిని తిరగేసి చూడాలి?

అందుకే అడిగాను. "ఇంకేమైనా ఉందా అమ్మా, నాకు తెలియనిది?"

నీలం దారం ముక్కలు ఏరుతున్న బావమరిది తలెత్తి ఆమె వైపు చూశాడు.

"తెల్లవారుజామున పాలివ్వడానికి హాల్లో సోఫాలోకి వెళ్తున్నా. అక్కడే నిద్రపట్టేస్తోంది. వాడు నా గుండెల మీదే ఉంటున్నాడు. మొన్న కళ్లు తెరిచేసరికి సోఫా సందులోకి జారి ఉన్నాడు."

నర్సమ్మ చెప్పిన మాటలన్నీ నా నాలుక చివరికి వచ్చాయి. పరుపు కన్నా సోఫా ఎంత ప్రమాదమో కూడా ఆమె చెప్పింది. ఆ మాటల్ని మింగడం మందు మింగినట్టే ఉంది. మొన్నటి సంగతి ఇవాళ తెలుస్తోంది, అదీ అడిగితే.

"సోఫా దాకా ఎందుకు వెళ్తున్నావు?" అని మాత్రం అడిగాను.

"తొట్టి అవతలి గోడకి పెట్టావు. వాడి కోసం మంచం దిగి అంత దూరం నడిస్తే కాన్పు కుట్లు లాగుతాయి. ఎలాగూ లేచాను కదా, వీపుకి ఆనుకోవడానికి ఏదో ఉంటుందని సోఫాలో కూలబడుతున్నా."

తొట్టిని ఆ గోడకి పెట్టింది నేనే. కిటికీ తెరల తాళ్లు అందకూడదని ఆలోచించి పెట్టాను. ఆమె మంచం పక్కన పెడదామంటే బీరువా అడ్డు. మరి బీరువా జరపమని ఒక్క మాట అనొచ్చు కదా. అనలేదు. నా కూతురు నాకు ఒక్క మాట చెప్పడానికి బదులు కుట్లు లాగినా ఓర్చుకుంది.

"పట్టరా," అన్నాను బావమరిదితో.

బీరువా హాల్లోకి తేవడానికి తాతల నాటి తిట్లన్నీ వాడే తిట్టాడు. తొట్టి ఆమె మంచానికి ఆనుకుని వచ్చింది. కిటికీ తెరల తాళ్లు అందకుండా పైకి ముడేశాను. అమ్మాయి పడుకుని చెయ్యి చాపి చూసింది. అందింది. వాణ్ణి వెల్లకిలా పడుకోబెట్టి, ఊచల పైనుంచి పొట్ట మీద అరచెయ్యి ఆనించింది. వాడు ఏడ్చాడు. చాలాసేపే ఏడ్చాడు. ఆమె చెయ్యి తియ్యలేదు. నేను గుమ్మంలో నిలబడి, చెప్పవలసినవి ఏవీ చెప్పకుండా ఊరుకున్నాను. చివరికి వాడి ఏడుపు వెక్కిళ్లుగా మారి, ఆగింది.

వంటింట్లో టీ కాచి బావమరిదికి ఇచ్చాను.

"కోపం పోయిందా బావా?"

"లేదు."

"మరి టీ ఇచ్చావు?"

"బీరువా మోశావు కదా."

వాడు ఊదుకుంటూ తాగాడు. లోపల్నించి అమ్మాయి, గొంతు బాగా తగ్గించి పిలిచింది. గుమ్మం దగ్గరికి వెళ్లాను.

"నాన్నా, నాకు నిద్ర ముంచుకొస్తోంది. వాడు లేస్తే నువ్వు ఎత్తుకుంటావా?"

"ఎత్తుకుంటా."

"పాఠం లేకుండా?"

"ఇవాళ్టికి లేకుండా," అన్నాను. కుర్చీ తెచ్చి తొట్టికి రెండో పక్క వేసుకుని కూర్చున్నాను. ఆమె అటు తిరిగి పడుకుంది. నిజంగా నిద్రపోయిందో, నా కోసం కళ్లు మూసుకుందో, నాకు తెలియలేదు.