పెద్ద పంపు

షెడ్డు మెకానిక్‌కి ఇంజన్ల మీద ఉన్నంత నమ్మకం మనుషుల మీద ఉండదు. ఇంజన్ అబద్ధమాడితే చప్పుడులో దొరికిపోతుంది, మనిషి దొరకడు అంటాడు. అలాంటివాడు బావమరిదిని షెడ్డులో భాగస్వామిగా కలుపుకుంటానని భార్యకు మాటిచ్చాడంటే మామూలు సంగతి కాదు. విడిభాగాలు తేవడం బావమరిది పని, బిగించడం తన పని.

పందేల కారొకటి వచ్చింది. పెట్రోలును నేరుగా సిలిండర్లలోకి చిమ్మే ఇంజన్. దాని బలం రెట్టింపు చేశారు, పాత పంపు దాని ఆకలి తీర్చలేకపోయింది. బావమరిది పెద్ద పంపు తెచ్చాడు. పెట్టె సీలు అప్పటికే చింపి ఉంది. మెకానిక్ చూశాడు గానీ పైకి అనలేదు. అనుమానాన్ని కడుపులో పెట్టుకుని పెంచడం అతనికి బాగా అలవాటు.

పంపు బిగించి, చక్రాలను పరీక్షించే రోలర్ల మీదికి ఎక్కించి, యాక్సిలరేటర్ తొక్కాడు. పెట్రోలు ఒత్తిడి రెండు వందల బార్ దాకా ఎక్కి, ఇంజన్ వేగమందుకోగానే సగానికి పడిపోయింది. ట్యాంకులోని చిన్న పంపు, ఫిల్టరు, వైర్లు అన్నీ చూశాడు. అన్నీ బాగానే ఉన్నాయి. ఇక మిగిలింది బావమరిదే.

"ఇది ఎక్కడ కొన్నావురా?"

"ఎప్పుడూ కొనే షాపులోనే బావా."

"మరి సీలెందుకు చింపి ఉంది?"

"నేనే చింపాను. లోపల..."

"అసలుది తీసి నకిలీది పెట్టడానికా?"

బావమరిది మొహం మాడిపోయింది. చేతిలో గుడ్డ బల్ల మీద పడేసి వెళ్ళిపోయాడు. తప్పు లేనివాడైతే నిలబడి మాట్లాడేవాడు కదా అనుకున్నాడు మెకానిక్.

నకిలీదని మొహాన కొట్టడానికి పంపు విప్పాడు. దాని కింద ఒక ఉక్కు గిన్నె ఉంటుంది, ఫాలోయర్ అంటారు. ఇంజన్‌తో పాటు తిరిగే కామ్‌షాఫ్ట్ అనే ఇరుసు దాన్ని తోస్తే, అది పంపును తోస్తుంది. మెరుస్తున్న వస్తువును పారేయడం మెకానిక్ వంశంలోనే లేదు. అందుకే పాత గిన్నెనే, అడుగు తిప్పి చూడకుండా, మళ్ళీ పెట్టాడు. ఇప్పుడు తిప్పితే వేలికొన దిగేంత గుంట. పెద్ద పంపు స్ప్రింగు గట్టిది, అరిగిన గిన్నె దాన్ని పూర్తిగా తోయలేకపోయింది.

బావమరిది 'లోపల' అంటూ ఆగిపోవడం గుర్తొచ్చి, పెట్టె వెతికాడు. అట్ట కింద కాగితం పొట్లం, అందులో కొత్త గిన్నె. పైన బావమరిది రాత: "పాతది పెట్టకు బావా." ఎదురుగా చెబితే మెకానిక్ 'నాకే నేర్పుతావా' అని తిట్టేవాడే, ఆ సంగతి అతనికీ తెలుసు.

కొత్త గిన్నె వేసి మళ్ళీ తొక్కాడు. మీటరు ముల్లు రెండు వందల దగ్గర కదలకుండా నిలబడింది. సంతోషం మాత్రం రాలేదు, సిగ్గుతో చెవులు కాలిపోయాయి. ఫోన్ చేశాడు.

"తప్పు నాదేరా. రేపు రా, బోర్డు మీద నీ పేరు కూడా రాయిద్దాం."

"పంపు పనిచేస్తోందా బావా?"

"బ్రహ్మాండంగా!"

"మంచిది. పనిచేయకపోయుంటే ఏమనేవాడివి?"

మెకానిక్ బల్ల మీది గుడ్డ తీసి మడతపెట్టాడు.

"నేను రావట్లేదని అక్కకి నేనే చెబుతాలే," అని బావమరిది ఫోన్ పెట్టేశాడు.