గూనిబండకు కుడిదారి

కొండపల్లి కొండ మీద, కోటకు వెళ్ళే దారి నుంచి కాస్త పక్కకు దిగితే గూనిబండ ఉంటుంది. రెండు నిలువుల ఎత్తున, ముందుకు వంగిన నల్లరాయి. ఎడమవైపు పైదాకా ఒక చీలిక ఉంది. అందులో వేళ్ళు దూర్చి కాస్త బలమున్న వాళ్ళెవరైనా ఎక్కగలరు. కుడి అంచు మీదుగా మాత్రం అప్పటిదాకా ఎవరూ ఎక్కలేదు.

రూతు, సత్యం రెండేళ్ళుగా ఆదివారాలు ఆ బండ దగ్గరే గడిపేవారు. ఇద్దరూ బెజవాడలో ఒకే కాలేజీలో బీయస్సీ ఆఖరి సంవత్సరం. కాలేజీలో కొండలెక్కే జట్టు ఒకటి ఉంది. అందులో ఆడపిల్ల రూతు ఒక్కతే. తాడూ మేకులూ లేకుండా, కింద వరిగడ్డి కుక్కిన గోనెసంచులు పరుచుకుని, ఒకరు ఎక్కుతుంటే ఇంకొకరు వెనక చేతులు చాచి నిలబడేవారు.

1978 ఆగస్టులో ఒక శనివారం నోటీసు బోర్డు మీద జాబితా పెట్టారు. హిమాలయాల్లో నెలరోజుల శిక్షణకు ముగ్గురు. అందులో సత్యం పేరుంది. రూతు పేరు లేదు. జట్టు చూసే వెంకటసుబ్బారావు మాస్టారిని అడిగితే, "మీ అమ్మగారి అంగీకారపత్రం నాకు అందలేదమ్మా" అని సైకిలెక్కి వెళ్ళిపోయారు.

రూతుకు ఆ రాత్రి నిద్రలేదు. తల్లి తెరేసమ్మ, థర్మల్ స్టేషన్ కట్టే కూలీలకు క్యాంటీన్‌లో వంట చేస్తుంది. బడికెళ్ళిన మనిషి కాదు. ఆ కాగితం మీద వేలిముద్ర వేయనని మొండికేసి, వారంరోజులు కూతురి పలక మీద దిద్దుకుని, తన పేరు సొంతంగా రాసింది. మాస్టారి ఇల్లు సత్యం వాళ్ళ వీధిలోనే కాబట్టి, బుధవారం సాయంత్రం రూతు ఆ కాగితాన్ని అతని చేతికిచ్చింది.

ఆదివారం ఉదయం చర్చిలో పూజ అయిపోగానే రూతు కొండెక్కింది. సత్యం అప్పటికే వచ్చి సంచులు పరుస్తున్నాడు. తెల్లవారుజామున కురిసిన వానకు రాయి ఇంకా చెమ్మగానే ఉంది. ఇద్దరూ తుండుగుడ్డలతో పట్టుదొరికే చోట్లన్నీ తుడిచారు. గాలికి అంచు ఆరుతోంది.

"ఇవాళ చీలిక ముట్టుకోను. కుడివైపు నుంచే ఎక్కుతాను" అంది రూతు.

"అక్కడ కాలికి ఆధారం లేదండీ."

"ఉందో లేదో చూద్దాం."

రెండు చేతులా అంచు పట్టుకుని లేచింది. మూడో పట్టుకే వేళ్ళు జారి సంచుల మీద పడింది. మళ్ళీ లేచింది. మళ్ళీ పడింది. కోపంతో రాతిని అవసరానికి మించి బిగించి పట్టుకుంటోందని తనకే తెలుస్తోంది. ముంజేతులు కొయ్యల్లా బిగుసుకుపోయాయి. ఈలోగా జల్లు మొదలైంది. ఇద్దరూ బండ వంపు కిందకు దూరారు.

వాన చూస్తూ రూతు అడిగింది. "ఆ కాగితం మాస్టారికి ఎప్పుడిచ్చారండీ?"

సత్యం తుండుగుడ్డ పిండుతూ, "శనివారం" అన్నాడు.

"జాబితా శుక్రవారమే రాశారుగా."

"మర్చిపోయానండీ."

"వీధిలో నాలుగిళ్ళ అవతలికి ఇవ్వడం మూడ్రోజులు మర్చిపోయారా?"

అతను తుండుగుడ్డ పక్కన పెట్టాడు. తరువాత, నేల చూస్తూ చెప్పాడు. "మర్చిపోలేదు. రెండు సీట్లు ముందే అయిపోయినై. మిగిలిన ఒక్కదానికి మనిద్దరమే. మీ కాగితం వెళ్తే మిమ్మల్నే తీసుకుంటారు. ఆ సంగతి నాకు తెలుసు."

రెండేళ్ళలో రూతు అతన్ని ఏనాడూ ఏకవచనంతో పిలవలేదు.

"మా అమ్మ వారం రోజులు పలక మీద దిద్దింది. జేబులో పెట్టుకు తిరిగావా నువ్వు?"

"రూతుగారూ, తప్పయిపోయింది. నేను మానేస్తాను, మీరే వెళ్ళండి."

"నువ్వు దానం చేస్తే తీసుకుంటానా? నా సీటు అది! రేపు పొద్దున నాతో వచ్చి, ఇప్పుడు నాకు చెప్పింది మాస్టారి ముందు చెప్పు. చెప్పకపోతే నోటీసు బోర్డు దగ్గర నిలబడి నేనే అరుస్తా."

జల్లు ఆగింది. రూతు బండను మళ్ళీ తుడిచింది. సత్యం వెనక వచ్చి చేతులు చాచబోతే, "దూరంగా ఉండు" అంది. ఈసారి పైకి చూడలేదు, కిందికి చూసింది. మోకాలి ఎత్తున గోరంత రాతిపలక ఒకటి పొడుచుకొచ్చి ఉంది. ఎడమకాలి బొటనవేలు దాని మీద ఆనించి, కుడి మడమను పక్క అంచుకు తగిలించి, ఒంటిని రాతికి అతికించింది. చేతుల మీద బరువు సగం తగ్గింది. చెయ్యి వదిలి పైఅంచు అందుకుంది. అక్కడ గుంటలో నీళ్ళున్నాయి. జారబోయిన వేళ్ళను అందులోనే నొక్కిపట్టి, పొట్ట గీరుకుపోతున్నా పైకి పాకింది.

పైన కూర్చున్నా సంతోషం రాలేదు. మోచేతి నుంచి రక్తం కారుతోంది. కింద సత్యం తలెత్తి చూస్తున్నాడు. అతని ముఖం చూడబుద్ధి కాలేదు.

సోమవారం సత్యం ఆమె వెంట వెళ్ళాడు. మాస్టారి ముందు నిలబడి అంతా చెప్పాడు. మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"రైలు టిక్కెట్లు ముగ్గురి పేర్ల మీద అయిపోయినయ్యమ్మా. నేనేం చేసేది? అయినా వానలో మీరిద్దరే ఆ కొండమీద ఏంటి? నలుగురూ ఏమనుకుంటారు?"

"కాగితం దాచింది ఇతను. నలుగురూ నన్నెందుకు అనుకోవాలండీ?"

"గొంతు తగ్గించు."

"తగ్గించనండీ. రెండేళ్ళ నుంచీ తగ్గించే మాట్లాడాను."

ఆఖరికి మాస్టారు సత్యం పేరు కొట్టేశారు. ఆ చోట రూతు పేరు రాయలేదు. గొడవపడే పిల్లను పంపితే తనకు చెడ్డపేరొస్తుందని చెప్పి, టిక్కెట్టు మార్పించి, జట్టులో కొత్తగా చేరిన జాన్‌బాబును పంపారు. పోయిన నెలలో అతనికి చీలికలో వేళ్ళెలా దూర్చాలో నేర్పింది రూతే.

ఇంటికొచ్చి చెబితే తెరేసమ్మ ఏడవలేదు. గరిటె పళ్ళెంలో విసిరికొట్టి, "వాడెవడో దాచాడు, ఈయన తెలిసీ కొట్టేశాడు" అంది.

ఆ తరువాతి ఆదివారం రూతు ఒంటరిగా బయల్దేరుతుంటే తల్లి గొడుగు పట్టుకుని వెంట నడిచింది. కొండెక్కేసరికి ఆయాసం వచ్చినా ఎక్కడా కూర్చోలేదు. సంచులు తనే మోసి పరిచింది.

"ఇటు వైపు ఎక్కడం వచ్చేసిందన్నావుగా?"

"ఇవాళ నేల మీద కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే మొదలుపెట్టి ఎక్కాలి. అది ఇంకా కష్టం."

"అయితే ఎటు పడతావో ముందే చెప్పు. సంచి అటు లాగుతా."

రూతు ఆ ఉదయం తొమ్మిదిసార్లు పడింది. పడ్డప్పుడల్లా తెరేసమ్మ మాస్టారిని ఒక తిట్టు, సత్యాన్ని ఒక తిట్టు తిట్టి సంచి సర్దింది. పదోసారి లేచేలోగా మళ్ళీ చినుకులు మొదలయ్యాయి. వంపు కింద గొడుగు మూసి కూర్చుని, ఇద్దరూ వాన ఎప్పుడు తెరిపి ఇస్తుందా అని చూస్తూ ఉండిపోయారు.