ఫోన్ చేశాను మేడమ్

మోచేతులు వంగడం లేదు, భుజాలు సరిగ్గా చేతుల మీదికి వచ్చాయి, ఛాతీ ఎంత బాగా నొక్కుతోందో ఈ పిల్ల, అనుకుంటోంది నర్సింగ్ టీచరు, కాలేజీ వరండాలో వెల్లకిలా పడి ఉన్న బస్సు డ్రైవరు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, పొద్దున గేటు దగ్గర చెవులు చిల్లులు పడేలా హారన్ కొట్టి ఏం మేడమ్ మళ్ళీ లేటేనా అని నవ్విన మనిషి, అందరికీ హారన్ బాబాయి, ఇప్పుడు ఊపిరి లేకుండా, అయినా పిల్ల తడబడలేదు, అంబులెన్సుకి ఫోన్ చేశాను అని కేకేసి మరీ మొదలుపెట్టింది, వీడియో పాఠం ఇంట్లో చూసి రండి, ఇక్కడ బొమ్మ మీద చెయ్యండి, మళ్ళీ చెయ్యండి, నిద్రలో లేపినా మీ చేతులకి తెలియాలి అని తను పోరింది ఇందుకే కదా, మేడమ్, మా దెబ్బలకి ఈ బొమ్మకే గుండె ఆగేలా ఉంది అని జోకులు వేసింది కూడా ఈ పిల్లే, ఇప్పుడు ఆయాసపడుతూ, మేడమ్, నా వల్ల కావట్లేదు, మీరు రండి, సరేనమ్మా, జరుగు, అరచేతుల కింద నిజం ఎముక, బొమ్మకి ఉండని చెమట, లే బాబాయ్, మాతో పరాచికాలా, ఆస్పత్రి వెనక వీధేగా, ఈపాటికి అంబులెన్సు రావాలే, ఎక్కడున్నారో ఇంకోసారి ఫోన్ చేసి అడగమ్మా.

ఇంకోసారా మేడమ్, అంది పిల్ల, మొహంలో నెత్తురు చుక్క లేదు, చేశానన్నావుగా, అన్నాను మేడమ్, అన్నాను అంటే, క్లాసులో అన్నట్టే అన్నాను, టీచరు చేతులు నొక్కుతూనే ఉన్నాయి, చెయ్యవే తల్లీ, ఇప్పుడైనా చెయ్యి, పిల్ల బ్యాగులో ఫోన్ వెతుకుతోంది, దొరికింది, అంబులెన్సు వాళ్ళకి ఇప్పుడు కాలేజీ పేరు చెబుతోంది, ఉత్తుత్తినే ఫోన్ చేస్తే వాళ్ళు నిజంగానే వచ్చి పడతారర్రా, చేశాను అని గట్టిగా అనండి చాలు, ఎవరిదా గొంతు, తనదే, క్లాసంతా నవ్వింది, అలా అన్నందుకు తనే మార్కులు వేసింది, వీడియోలోనూ అంతే, ఫోన్ బల్ల మీదే, మాట మాత్రం నోట్లోంచి, ఇందాక పిల్ల కేక వినగానే తనకీ నిశ్చింత కలిగింది, ఫోన్ ఏదని చూడనైనా లేదు.

సైరన్, పరుగులు, తప్పుకోండమ్మా మేం చూస్తాం, ఎవరో బాబాయి మెడ మీద వేళ్ళుంచి నాడి తగులుతోంది పదండి పదండి అన్నారు, బండి కదిలింది, పిల్ల గోడకి జారబడి ఏడుస్తోంది, మరిచిపోయాను మేడమ్, అంతా నేర్చుకుని అదొక్కటీ మరిచిపోయాను, టీచరు ఆ తల మీద చెయ్యి వేసింది, ఎలా చెప్పడం, ఈ పిల్ల ఏదీ మరిచిపోలేదు, ఒక్కటి కూడా, నేర్పింది నేర్పినట్టే చేసింది.