ఉప్పలమ్మ అడిగిన వాన

నా జన్మలో చుక్క ముట్టలేదు. ముట్టింది ఒక్కటే, మా మందిరం పైన కట్టే క్రిస్మస్ చుక్క. అది ముట్టినందుకే పట్టపగలు మిగతా చుక్కలన్నీ కనిపించాయి. నిచ్చెన జారింది, నేను జారాను, కుడికాలి ఎముక రెండయింది. చుక్క మాత్రం వంకరగానైనా పైనే నిలిచింది. జనగామ దవాఖానలో తొడ దాకా కట్టు కట్టి, పండుగ దాటేదాకా కాలు కింద పెట్టొద్దన్నారు.

కాలు విరగడానికీ ఒక కాలం ఉండాలి. నాకు పత్తి పగిలే కాలంలో విరిగింది. బచ్చన్నపేట దగ్గర మా ఊళ్లో నేను కౌలుకు చేసేది మూడెకరాలు. చేనంతా తెల్లగా విచ్చుకొని నాకోసం చూస్తుంటే, నేను వసారాలో మంచం మీద పడి పైకప్పు రేకులు చూస్తున్నాను. ఏరాల్సిన ఇద్దరిలో ఒకరికి పట్టీ, ఇంకొకరికి పత్తి. ఆ ఇంకొకరు నా భార్య సుజాత. ఆమె కూడా చేనుకు పోలేకపోయింది, ఎందుకంటే సంఘమంతా మా ఇంట్లోనే ఉంది.

మా సంఘంలో ఎవరికి కష్టం వచ్చినా అందరూ వస్తారు. వచ్చిన ప్రతివారూ ప్రార్థన చేయాలి, చేసిన ప్రతివారికీ చాయ్ పోయాలి. అది పద్ధతి. ముగ్గురు లేవకముందే నలుగురు దిగుతారు. సాయం పట్టేవాళ్లు లేరు, చాయ్ పట్టేవాళ్లే. ఓదార్పు పెరిగినకొద్దీ నా ఓర్పు తరిగింది.

"కాలే ఇరిగింది, నడుము ఇరుగలే. దేవుడు మంచోడు ఎల్లేశూ," అన్నాడొక పెద్దాయన.

"నడుము ఇరిగితే మెడ ఇరుగలే అంటుంటివి."

"అవు మల్ల. గట్లనే అనాలె," అని గ్లాసు ఖాళీ చేశాడు.

స్తుతి వాళ్లది, స్థితి నాది. పడ్డ నాటి నుంచి ఎవరి ప్రార్థనకూ నేను ఆమెన్ అనలేదు. దేవుని పని మీద ఎక్కి దేవుని ఇంటి మీది నుంచే పడ్డాను. ఆ సంగతి తేలకుండా అవునవునని తలూపడం నా వల్ల కాలేదు. సుజాత అది గమనించింది.

"ఆమెన్ అంటె పండ్లు గుడ ఇరుగుతయా?" అంది.

గురువారం ఫోన్లో తుఫాను కబురు వచ్చింది. శనివారం మధ్యాహ్నానికి మా వైపు వాన. ఊళ్లో ఎవరి చేనుకు వాళ్లు ఉరికారు. సుజాత కూలీల కోసం వాడవాడా తిరిగి ఉత్త చేతులతో వచ్చింది. తడిసిన పత్తి నల్లబడుతుంది, దాన్ని కొనేవాడు చేత్తో కూడా ముట్టడు. మా ఏడాదంతా ఆ తెల్లదనంలోనే ఉంది.

ఇట్లాంటి శుక్రవారం సాయంత్రం, నా మీది ప్రేమతో, పాస్టర్ రవీందర్ గృహ కూడిక మా వసారాలోనే పెట్టించాడు. వరుసగా అందరూ ప్రార్థించారు. చివరి వంతు ఉప్పలమ్మది. ఆమె మా సంఘంలో అందరికంటే పెద్దది. ఆషాఢంలో బోర్లు ఎండి, మొలకలు వాడినప్పుడు వాన కోసం ప్రార్థించే పని పాస్టరే ఆమెకు అప్పగించాడు. అప్పగించాడు గానీ, ఇక చాలని చెప్పడం ఎవరికీ గుర్తులేదు. శ్రావణం పోయింది, దసరా పోయింది, ఆమె అడుగుతూనే ఉంది.

"తండ్రీ, ఎల్లేశు కాలు అతికియ్యి," అని మొదలుపెట్టింది. అక్కడిదాకా బాగానే ఉంది. "మాది ఎండిన నేల తండ్రీ. వాన కురిపియ్యి. ఉత్త చినుకులు గాదు, కుండపోత కురిపియ్యి. చెరువు నిండి నీళ్లు మత్తడి దుంకి పొర్లాలె."

"ఆమెన్," అన్నారు అందరూ, అలవాటుగా, ఒక్క గొంతుతో.

నేను కళ్లు తెరిచాను.

"అవ్వా, జర ఆగుతవా? రేపు తుఫానట. నా పత్తి ఇంక చేన్లనే ఉన్నది. నువ్వు కుండపోత అడుగుడు, వీళ్లు ఆమెన్ అనుడు. ఇంతమంది నా ఇంట్ల కూసొని, నా చాయ్ తాగి, నన్నే ముంచుమని మొక్కుతున్రా?"

పాస్టర్ గొంతు సవరించుకున్నాడు. "అన్నా, దేవుడు మంచివాడు. కష్టకాలంల గుడ ఆయన..."

"మంచోడైతే వచ్చి నా పత్తి ఏరుమనుండ్రి."

ఉప్పలమ్మ చేతిలోని గ్లాసు అట్లాగే కింద పెట్టి, కర్ర అందుకొని వెళ్లిపోయింది. మా ఇంట్లో చాయ్ తాగకుండా పోయిన మొదటి మనిషి ఆమె.

అందరూ పోయాక సుజాత గ్లాసులు కడుగుతూ అంది: "నిచ్చెన మీదికెల్లి పడ్డది నువ్వు. ముసలామెను ఎందుకు పడగొడ్తివి?"

తెల్లవారగానే వాకిట్లో కర్ర చప్పుడైంది. ఉప్పలమ్మ. నడుముకు పాత చీర ముక్కతో పత్తి ఏరే ఒడి కట్టుకొని ఉంది.

"సుజాతా, పా బిడ్డా చేనుకు."

"నీ మోకాళ్లు వంగయి గదనే అవ్వా," అన్నాను.

"పత్తి చెట్టు నడుముల కాడికుంటది, వంగుడెందుకు? వాన నేనడిగిన. నీ పత్తి సంగతి చెప్పుడు మర్సిన. అడిగింది నేను, ఏరుత నేనే. నువ్వు ఒర్రకు."

ఆమె వెనక పాస్టర్, ఆయన వెనక సంఘం, సంచులతో, ఒడులతో. రాత్రి మా ఇంటి నుంచి పోయినామె నేరుగా ఇంటికి పోలేదట. ఇంటింటి ముందూ నిలబడి, "నేనడిగితె ఆమెన్ అన్నరా లేదా? అన్నోళ్లందరు పొద్దుగాల రావాలె," అని చెప్పి పోయిందట. ఆ లెక్కన ఆమెన్ అననివాణ్ణి నేనొక్కణ్ణే. అందుకే చేన్లో పనిలేనివాణ్ణీ నేనొక్కణ్ణే.

ఇంట్లో ఉండలేక ట్రాలీ ఆటోలో నన్నూ ఎక్కించుకోమన్నాను. గట్టు మీద మంచం వేసి పడుకోబెట్టారు. అక్కడ నా ప్రాణం ఇంకా విసిగింది. ఏరేది తక్కువ, పాడేది ఎక్కువ. చరణానికొక సాలు, పల్లవికొక విరామం. పాస్టర్ పత్తితోపాటు ఎండుటాకులూ భక్తిగా ఏరుతున్నాడు.

"పాస్టరుగారూ, ఆకులు గాదు. ఉత్త పత్తి," అని అరిచాను.

"సరే అన్నా," అని ఇంకో ఆకు ఒళ్లో వేసుకున్నాడు.

"ఎల్లేశూ, చాయ్ ఎప్పుడు?" అని సాళ్ల మధ్య నుంచి ఒక గొంతు. చేన్లో కూడా చాయేనా అని నేను నోరు తెరిచేలోపే సుజాత మూడు రాళ్లు పెట్టి నిప్పు రాజేసింది.

అప్పుడు ఉప్పలమ్మ ఒడి ఖాళీ చేయడానికి నా మంచం పక్కకు వచ్చింది. ఎండిన కాయల మొనలు గీరి ఆమె వేళ్లు చిట్లాయి. తెల్లటి పత్తి మీద ఎర్రటి మచ్చ. నేను చూస్తున్నానని ఆ చేయి కొంగులో దాచుకుంది. నా నోట ఎప్పుడూ ఏదో ఒక మాట మెలి తిరిగి వస్తుంది. ఆ పూట తిన్నగానే వచ్చింది.

"కూసోరాదే అవ్వా," అన్నాను.

"మబ్బు చూడు రా," అని మళ్లీ సాల్లోకి దిగింది.

మధ్యాహ్నానికి మొదటి చినుకు పడింది. ఉత్తరం మూల ఇంకా తెల్లగానే మిగిలింది. మిగతాదంతా సంచుల్లోకి చేరింది. సంచులు ట్రాలీలో, సంచుల మీద టార్పాలిన్, టార్పాలిన్ కింద నేను, నా కట్టు పక్కన పట్టినంత సంఘం. ఎవరిదో మోచేయి నా ముక్కులో ఉంది. ఏరని మూల మా కళ్లముందే నానిపోయింది. ఆ వానే అవతల చెరువులో కూడా పడుతోంది. యాసంగి వరికి ఆ చెరువు నీళ్లే కావాలి. అది నాకూ తెలుసు. తెలిసినా మింగుడుపడలేదు.

"ఉప్పలమ్మా, ప్రార్థన చెయ్యి," అన్నాడు పాస్టర్, తల మీది ఆకు తీసుకుంటూ.

"తండ్రీ, వాన..." అని అలవాటుగా మొదలుపెట్టి ఆగింది. నా వైపు తిరిగింది. "ఏమడుగాలె రా?"

అందరూ నన్నే చూశారు.

"ఇంటికి చేరేదాక ఆపుమను," అన్నాను. "తర్వాత చెరువు నిండేదాక ఆయన ఇష్టం."

ఆమె అక్షరం పొల్లుపోకుండా అట్లాగే అడిగింది. వాన ఆగలేదు. ఇంకా బలిసింది. టార్పాలిన్ చివర నుంచి ఒక ధార సరిగ్గా నా మెడ మీద పడుతోంది. మంచితనం చూపడానికి దేవునికి ఇంతకంటే పొడిగా ఉండే దారి దొరకదా అనిపించింది. కాలు సలుపుతోంది. నా పక్కనే చిట్లిన వేళ్లతో ముసలామె కళ్లు మూసుకొని ఎదురుచూస్తోంది.

"ఆమెన్," అన్నాను.

ఉప్పలమ్మ ఒక కన్ను తెరిచింది. "అన్నవు గదా. రేపు ఎవ్వల చేను మునిగినా నువ్వు గుడ రావాలె, కుంటుకుంట."

"వస్త తీ," అన్నాను. "ముందుగాల ఎవ్వలో ఆ మోచెయ్యి తియ్యిండ్రి."