వినే పిట్ట

గడప మీద కూర్చుని దారానికి మైనం పట్టిస్తున్నాడతను. సన్నటి మనిషి. ఏళ్ళ తరబడి కాజాలు కుట్టడం వల్ల మెడ కాస్త ముందుకు వంగిపోయింది, బొటనవేలి గోటి మీద సూది అరగదీసిన గాడి పడింది. మైనం పట్టిన పోగుల్ని చిక్కుపడకుండా ఒక్కొక్కటే పెదాల మధ్య పెట్టుకుంటాడు. వీధిలో అందరూ అతన్ని కాజాలాయన అంటారు.

వంటగదిలోంచి భార్య మాట్లాడుతూనే ఉంది. కుళాయి ఎంత బిగించినా కారుతోందట. పైవాటా వాళ్ళు తీసుకెళ్ళిన బకెట్ తిరిగిచ్చారు గానీ అంచు సొట్టపోయిందట. మబ్బు పడితే చాలు ఎడమ మోకాలు సలుపుతోందట. చెల్లెలు ఫోన్ చేసి ఎలా ఉన్నావని అడిగి, జవాబు వినకుండానే పెట్టేసిందట.

"ఊ" అన్నాడతను, దారం జారకుండా.

"ఇన్నేళ్ళ కాపురంలో మీ నోట ఆ ఒక్క ముక్కే విన్నాను. బెల్లం కొట్టిన రాయి నయం."

"ఊ."

ఆవిడ లోపల నవ్వింది. పిల్లలు లేని ఇల్లు. ఆవిడ మాటలే ఆ ఇంటికి సందడి, ఆ మాటలంటే అతనికి ప్రాణం. ఆ సంగతి చెప్పాలంటే నోట్లోంచి దారం తీయాలి. ఎప్పుడూ వీలుపడలేదు.

టైలరు కొట్లో అతని చోటు కిటికీ పక్కన. మాస్టరు కత్తిరిస్తాడు, మిషన్ల మీద కుడతారు, చొక్కా ఆఖరికి అతని దగ్గరికి వస్తుంది. గుడ్డను చిన్నగా కోసి, ఆ కోత చుట్టూ కుట్టు పక్కన కుట్టు ముడివేస్తూ పోతాడు. కుట్టకపోతే అది చిరుగు, కుడితే కాజా. ఈవేళ మాత్రం చెయ్యి మాటిమాటికీ ఆగుతోంది.

క్రితం వారం డాక్టరమ్మ అతని గుండె గురించి చాలాసేపు చెప్పింది. అతనికి అర్థమైంది ఒకటే: గుడ్డ చివికిపోయింది, ఇక కుట్టు నిలవదు. ఇంట్లో చెప్పలేదు. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు, సాయంత్రానికల్లా వీధి వీధంతా పరామర్శకు దిగుతుంది. పోవడానికి అతనికి పెద్ద భయం లేదు. తను లేని ఇంట్లో ఆవిడ మాట్లాడుతుంటే ఊ కొట్టేదెవరన్నదే అతన్ని తినేస్తోంది.

"మాస్టరూ, ఈవేళ కాస్త ముందు వెళ్తాను."

"ఏం, ఒంట్లో బాగోలేదా?"

"పిట్టను కొనాలి."

మాస్టరు కత్తెర ఆపి చూశాడు. అతను పంజరానికి ముసుగు కుడతానని, మూల పడి ఉన్న చారల గుడ్డ ముక్క అడిగి తీసుకున్నాడు.

పిట్టల కొట్టంతా గోల గోల. కొట్టతను పసుపుపచ్చ పిట్టను చూపించాడు.

"ఇది తీసుకోండి బాబాయ్. పొద్దున మొదలెడితే పొద్దుగూకే దాకా పాటే."

"వద్దు. మా ఇంట్లో మాట్లాడే మనిషి ఉంది. వినేది కావాలి."

"పిట్టలు వింటాయో లేదో నేనెప్పుడూ అడగలేదు బాబాయ్."

అయితే తనే అడుగుతానని పంజరాల ముందు పీట వేసుకున్నాడు. తీరా కూర్చున్నాక ఏం మాట్లాడాలో తోచలేదు. అతనికి వచ్చిన మాటలన్నీ ఆవిడవే.

"కుళాయి ఎంత బిగించినా కారుతోంది" అన్నాడు, గొంతు సవరించుకుని. పసుపు పిట్ట పాట ఆపలేదు. పక్క పంజరంలో జంట పిట్టలు ఒకదాని తల ఒకటి గోక్కుంటున్నాయి. "బకెట్ ఇచ్చారు గానీ అంచు సొట్టపోయింది. ఎడమ మోకాలు సలుపుతోంది..." చెల్లెలి ఫోను సంగతి వచ్చింది, నిన్నటి మాటలు వచ్చాయి, పెళ్ళయిన కొత్తలో ఆవిడ పెట్టిన సణుగుడు కూడా వచ్చింది, ఆవిడ తీసే దీర్ఘాలతో సహా. ఒక్కటీ పోలేదు. అతనికే ఆశ్చర్యమేసింది.

అట్టడుగు పంజరంలో ఎర్రముక్కు బూడిదరంగు పిట్ట ఒకటి తల పక్కకు వంచి చూస్తోంది. అతను ఆగగానే "కిచ్" అంది. మాట్లాడినంతసేపూ ఊరుకుంది. ఆగితే మళ్ళీ "కిచ్".

"అది పాడదు బాబాయ్, అందుకే మిగిలిపోయింది."

"ఇదే ఇవ్వు."

"మనకే కాళ్ళు చాపుకోను చోటు లేదు, దీనికి మేడ కూడానా" అంటూనే ఆవిడ పంజరాన్ని వంటగది కిటికీకి తగిలించింది. అతను గడప మీద కూర్చుని ముసుగు కుట్టసాగాడు. పిట్టకు గాలి ఆడాలంటే కన్నాలుండాలి. వేరే విద్య రాదు కాబట్టి వరసగా కాజాలే కుడుతున్నాడు.

"ఇదిగో పిట్టమ్మా, పైవాటా వాళ్ళ బకెట్ సంగతి విన్నావా?"

"అంచు సొట్టపోయిందన్నావుగా" అన్నాడు గడప మీంచి.

ఆవిడ గరిటెతో సహా బయటికి వచ్చింది. "మీరు విన్నారా?"

దారం మళ్ళీ పెదాల మధ్యకు వెళ్ళింది. "ఊ."

ఆవిడ లోపలికి వెళ్ళి రెట్టింపు ఉత్సాహంతో మొదలుపెట్టింది. ఆవిడ ఆగినప్పుడల్లా గడప మీంచి "ఊ", కిటికీలోంచి "కిచ్". కొంతసేపటికి "కిచ్" ఒక్కటే వినిపించింది. ఆవిడ గమనించలేదు. చెప్పవలసిందంతా చెప్పి, పొయ్యి ఆర్పి, చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"వినేవాళ్ళు ఇద్దరైతే ఇక నా గొంతు పోయినట్టే."

అతను ద్వారబంధానికి తల ఆనించి ఉన్నాడు. లోపల పిట్ట "కిచ్" అంది.

అతని ఒళ్ళో చారల ముసుగు ఉంది. ఆఖరి కాజా సగం కుట్టి ఉంది, సూది అందులోనే ఉంది, దారం కొస ఇంకా తడిగానే ఉంది.