బ్రిడ్జి అవతల ఊరు

మావిస్ పొద్దున్నే చేసే మొదటి పని గేటు దగ్గర స్టూలు మీద పొడి తువ్వాలు పెట్టడం. బస్సు డ్రైవరు ఊరి పేరు అరిచాడంటే చాలు, వాళ్ల నాన్న ఏట్లోంచి లేచి నీళ్లోడుతూ గేటుదాకా వస్తాడు. ఎవరికోసమో అటూ ఇటూ చూసి, తల తుడుచుకుని, మళ్లీ ఏట్లోకి దిగిపోతాడు. "మీ నాన్నకి ఈసారి దగ్గు పట్టుకుందే" అని పక్కింటావిడ చెబుతుంది. మావిస్ తలుపు చాటునుంచే చూస్తుంది.

యాభై ఏళ్ల కిందటి వరదలో ఆయన చిన్న పడవేసుకుని, ఇళ్ల కప్పులెక్కిన తెల్లవాళ్లని ఒడ్డుకు చేర్చాడు. ఈ నేల ఆదివాసులమైన మమ్మల్ని గుమ్మం తొక్కనివ్వని హోటలాయన కూడా అందులో ఉన్నాడు. ఆఖరి మనిషి కోసం వెళ్లి మరి తిరిగి రాలేదు. తర్వాత కౌన్సిల్ వాళ్లు పెద్ద గౌరవం చేశామనుకుని, మేముండే చోటికి ఆయన పేరే పెట్టి రోడ్డు మీద బోర్డు పాతారు. పోయినవాళ్ల పేరు మావాళ్లు పలకరు, పలికితే వాళ్లకి నిద్ర ఉండదు. ఆ సంగతి మమ్మల్ని ఒక్కరైనా అడిగితేగా! ఆ పేరు నేనూ చెప్పను. మావిస్ అయితే ఎవరడిగినా "బ్రిడ్జి అవతల" అనే చెప్పుకునేది.

ఈ ఏడు ముసురు పట్టి ఏరు రోడ్డెక్కిన రోజున, మనవరాలు కైలీకి నెలలు నిండకుండానే నొప్పులొచ్చాయి. మావిస్ అంబులెన్సుకి ఫోన్ చేసింది.

"ఏ ఊరమ్మా?"

"బ్రిడ్జి అవతల. ఎర్ర రేకుల ఇల్లు."

"బ్రిడ్జిలు బోలెడున్నాయి. పేరు చెప్పమ్మా, త్వరగా."

"చెప్పేయ్ నానమ్మా," కైలీ మంచం పట్టె పట్టుకుని మూలిగింది.

మావిస్ కళ్లు మూసుకుని నాన్న పేరు చెప్పింది.

ఆయన వచ్చాడు. తువ్వాలు ముట్టుకోలేదు, గేటు దగ్గర ఆగలేదు. నేరుగా మునిగిన రోడ్డులోకి నడిచి, గుంటలు తప్పిస్తూ అంబులెన్సుని వెంటపెట్టుకొచ్చాడు. తల్లీ దక్కింది, బిడ్డా దక్కింది.

మావిస్ ఆయనకి టీ, బూడిదలో కాల్చిన రొట్టె పెట్టి, ఎదురుగా కూర్చుని ఏడ్చేసింది. "తప్పయింది నాన్నా. ఇన్నేళ్లూ నోరు కట్టుకుని, ఇవాళ నేనే నీ నిద్ర చెడగొట్టాను."

"పిచ్చిదానా," అన్నాడాయన. "ఎవరు పిలిచినా నువ్వేననుకుని లేచొచ్చేవాణ్ణి. చూస్తే నువ్వు కాదు. ఇవాళ్టికి నువ్వు పిలిచావు."

టీ తాగి, కూతురి తల నిమిరి వెళ్లిపోయాడు.

మర్నాడు డ్రైవరు ఎప్పట్లాగే అరిచాడు. ఎవరూ రాలేదు. సాయంత్రందాకా చూసి, మావిస్ ఆ పొడి తువ్వాలునే ఒళ్లో పెట్టుకుని గేటు దగ్గర కూర్చుండిపోయింది.