పెద్దది, నడిమిది, చిన్నది

సోమవారం తెల్లవారేసరికి మా ఆయన కోల్బీ పడవెక్కాలి. ఒహాయో నది మీద సరుకు నింపిన బార్జీలు తోసే పడవలో ఇరవై ఎనిమిది రోజులు పని, ఆ తరువాత ఇరవై ఎనిమిది రోజులు ఇల్లు. అన్నాళ్లు నేనూ, రెండున్నరేళ్ల మా పాప జూనీ ఒంటరిగా ఉంటాం కనుక ఇంట్లో ఒక పిస్తోలు ఉండి తీరాలని అతని పట్టు. అది పిల్ల చేతికి దొరికితే ఎలాగని నా దిగులు. మందుసీసా మూతలు, సింకు కింది తలుపు గొళ్లెం, కారు సీటు బెల్టు, పిల్లలు తీయలేరని రాసి ఉన్నవన్నీ తీసి చూపించిన పిల్ల అది.

పిస్తోలు ఇంకా కొనలేదు గాని, అది పెట్టడానికి తాళం పెట్టె ముందే వచ్చేసింది. పోయిన నెల రైతు సామాన్ల కొట్లో చవగ్గా అమ్ముతుంటే కోల్బీ అన్నలు ఇంటిల్లిపాదికీ నాలుగు తెచ్చారు. మా పెట్టె తాళంచెవి నా జీన్స్ జేబులోనే ఉంచుకున్నాను. ఆదివారం చర్చిలో ఉన్నంతసేపూ తడిమి చూసుకుంటూనే ఉన్నాను.

చర్చి నుంచి వచ్చి అత్తగారింట్లో భోంచేశాక పంచాయితీ మొదలైంది. అత్తగారు వెర్లీన్ అరటిపండు పుడ్డింగు గిన్నె పక్కకు జరిపి తువ్వాలు పరిచింది. తూటాలు కారులో పెట్టి వచ్చి, ఖాళీ పిస్తోళ్లు పెట్టెల్లోంచి తీసి ఒకరివొకరు సరిచూసుకుని మూడూ వరసగా పేర్చారు. ఏది పడుతుందో చూద్దామని మేం తెచ్చిన ఖాళీ పెట్టె బల్ల కింద ఉంది. ఒకే కంపెనీ, ఒకే రకం, సైజులే వేరు. పెద్దది పెద్దబావ రాయిస్‌ది. నడిమిది రెండోబావ గ్యారెట్‌ది. చిన్నది అత్తగారిది.

"పెద్దదే కొనుక్కో అమ్మాయ్. బరువుంటుంది కాబట్టి పేల్చినప్పుడు చేతిని ఎదురు తన్నదు," అన్నాడు రాయిస్.

"అది మోస్తే మరదలి భుజం ఊడిపోద్దిరా అన్నయ్యా. నడిమిది చూడు, పిడి పొట్టీ కాదు, పొడుగూ కాదు," అన్నాడు గ్యారెట్.

"నడిమివాడివి, నీకు నడిమిదే ముద్దు."

"ఆడవాళ్లకి చిన్నదే నయం," అన్నాడు కోల్బీ. "అమ్మది చూడండి, చేతిసంచిలో ఇట్టే పడుతుంది."

"ఎవడ్రా నీకు చెప్పింది?" అత్తగారు గరిటె ఎత్తింది. "తేలిక కాబట్టే గాడిదలా తంతుంది. పట్టుకుంటే నా చిటికెన వేలు గాల్లోనే ఉంటుంది. ఆడదానికి చిన్నది చాల్లే అని మీ నాన్న కూడా నీలాగే తెలివిగా కొనుక్కొచ్చాడు. ఆయన పోయాడు, దీని తన్నులు మాత్రం నాకు మిగిలాయి."

నన్ను పైభాగం వెనక్కి లాగి చూడమన్నారు, అలా లాగితేనే తూటా లోపలికి ఎక్కుతుందట. పెద్దదాని పైభాగం సులువుగానే వెనక్కి వచ్చింది. చిన్నదాని స్ప్రింగు ఎంత గింజుకున్నా కదల్లేదు.

"అయితే ఇదే కొనండి," అన్నాను. "నేనే లాగలేకపోతే జూనీ అసలే లాగలేదు."

"మరి దొంగొస్తేనో?" అన్నాడు గ్యారెట్.

"వాణ్ణే లాగిపెట్టమంటాను బావా."

అన్నదమ్ములు ముగ్గురూ బల్ల చరిచి నవ్వారు. నాకు నవ్వు రాలేదు. రాయిస్ తన పిస్తోలులోని, తూటాలు పేర్చే ఖాళీ మ్యాగజైను తీసి చిన్నదాంట్లోకి తోశాడు. బుడ్డోడికి తండ్రి ప్యాంటు తొడిగినట్టు అది పిడి కింద వేలాడింది.

"చూశావా? పెద్దదానిది చిన్నదానికీ పడుతుంది. కుటుంబం అంటే ఇదీ!"

అప్పుడే బల్ల కింద టిక్కుమంది.

వంగి చూశాను. మా కొత్త పెట్టె మూత తెరిచి ఉంది. అందులో జూనీ తన మొక్కజొన్న రొట్టె ముక్క దాచుకుంటోంది. నా చెయ్యి జేబులోకి పోయింది. తాళంచెవి అక్కడే ఉంది. పెట్టెకు వేలాడుతున్నది రాయిస్ బావ బల్ల అంచున పడేసిన తాళాల గుత్తి.

గ్యారెట్ తన తాళంచెవి తీసి మా పెట్టెలో తిప్పాడు. అదీ తిరిగింది. అత్తగారిదీ తిరిగింది.

"ఇవి కూడా ఒకే కుటుంబమేనట్రా?" అంది అత్తగారు.

నేను జూనీని ఎత్తుకుని ఒళ్లో కూర్చోబెట్టుకున్నాను. "కోల్బీ, నేను ఒప్పుకోను. చిన్నదీ వద్దు, పెద్దదీ వద్దు," అన్నాను. వాళ్లింట్లో అంత గట్టిగా మాట్లాడటం అదే మొదలు.

కోల్బీ పెట్టెలోంచి రొట్టె ముక్క తీసి జూనీ చేతికిచ్చాడు. "సరే. వద్దు," అన్నాడు.

"మరి ఒంటరిగా ఎలా ఉంటుంది?" అని రాయిస్ నసిగాడు.

"నేను పోయి ఉంటాను," అంది అత్తగారు.

"అదీ మాట. ఇంట్లో అసలు పెద్ద సైజు అమ్మే," అని గ్యారెట్ గొణిగి గరిటె దెబ్బ తిన్నాడు. ఆ వెంటనే ముగ్గురి పిస్తోళ్లూ వాళ్ల వాళ్ల పెట్టెల్లోకి పోయాయి, తాళంచెవులు అత్తగారి దగ్గరికి చేరాయి.

సోమవారం పొద్దున కోల్బీ అటు వెళ్లగానే ఆవిడ ఇటు దిగింది. గురువారానికల్లా నా వంటింట్లో ఉప్పు ఎక్కడుందో నాకే తెలియదు. పార్సిలు తెచ్చే అబ్బాయి గేటు దగ్గరే దండం పెట్టి పోతున్నాడు. రాత్రిళ్లు మాత్రం నిద్ర పడుతోంది.

జూనీ ఇంకా తెరవనిది నాయనమ్మ చేతిసంచి ఒక్కటే. అది బరువుగా కనిపించి, పిస్తోలు తెచ్చిందేమోనని ఆవిడ స్నానానికి వెళ్లినప్పుడు ముందుగా నేనే తెరిచి చూశాను. పిప్పరమెంటు బిళ్లలు, చర్చి కాగితాలు, మూడు ఒకేలాంటి తాళంచెవులు. నా జేబులోని నాలుగోది కూడా తీసి అందులోనే వేసేశాను. బావలిద్దరూ పెట్టెలు తెరుచుకోలేక రోజూ ఫోన్లు చేస్తున్నారు. ఆవిడ ఎత్తడం లేదు.